ఎర్రగ కాలేదాంక ఆగకుండ్రి: షుగర్ కుకీ బార్ల మీద పాలమూరుల చెప్పిన ముచ్చట

(మహబూబ్‌నగర్‌ల మహిళా సంఘాల అక్కల ముందర మాట్లాడింది. రికార్డింగు విని రాసినం, మాటలు ఎట్లున్నయో అట్లనే ఉంచినం.)

నమస్తే అక్కలార, చెల్లెలార. పెద్దమ్మలు కూడ వచ్చిండ్రు, మీకు ప్రత్యేకంగ నమస్తే. వెనక కూసున్నోళ్ళకు వినవడుతుందా? మైకు జర దగ్గరికి జరుపు తమ్మీ. ఆ, సరే.

నన్ను బేకింగ్ మీద మాట్లాడుమన్నరు. బేకింగ్ అంటే అందరు కేకే అనుకుంటరు, కేకు ముచ్చట మీకు ఎరుకనే, ఇప్పుడు జడ్చర్లల చూసినా, వనపర్తిల చూసినా బస్టాండు దాటితే ఒక కేకు షాపు కనవడ్తది, దాని మీద నేను కొత్తగ చెప్పేదేం లేదు. అందుకే ఇయ్యాల ఒకటే ఐటెం పట్టుకుని మాట్లాడ్త, షుగర్ కుకీ బార్. మీల ఎవరి పిల్లలన్న అమెరికాల ఉంటే వాళ్ళకు తెలుస్తది, ఆడ సూపర్ మార్కెట్ల ప్లాస్టిక్ డబ్బలల్ల గుండ్రంగ, తెల్లగ, మెత్తటి కుకీలు పెట్టి అమ్ముతరు, పైన మందంగ గులాబి రంగు క్రీము, దాని మీద రంగు రంగుల చక్కెర పూసలు. కొరికితే కరకర అనదు. గుండ్రంగ కోసే పని లేకుంట అదే పిండిని ట్రేల పరిచి కాల్చి, చల్లారినంక పైన క్రీము పూసి, మన బర్ఫీ లెక్క ముక్కలు కోస్తే అదే బార్. చపాతి కర్ర వద్దు, అచ్చులు వద్దు, పది మంది ఇంటికొస్తే ఒక్క ట్రేతోని పని అయిపోతది.

ఇది ఎక్కడిది అంటే, అమెరికాల పెన్సిల్వేనియా అనే రాష్ట్రం ఉన్నది, ఆడ నజరెత్ అనే ఊరు. 1700ల నడుమ యూరప్ నుంచి పోయి ఆడ ఉన్న మొరేవియన్ క్రైస్తవులు ఈ షుగర్ కుకీ చేసిండ్రని చెప్తరు. చక్కెర, వెన్న, పిండి, గుడ్డు, గంతే సామాను. ఆడ క్రిస్మస్‌కు పిల్లలు కూసొని రంగులు పూసేది గూడ దీని మీదనే ఎక్కువ. చరిత్ర గంత చాలు, పొయ్యి కాడికి పోదాం.

ముందుగాల్ల ఒక ముచ్చట చెప్పాలె, ఇది అర్థమైతే మిగతాది అంత సులువు. మన చేతికి ఒక అలవాటున్నది. సంక్రాంతికి సకినాలు చేస్తం, గరిజెలు చేస్తం, మురుకులు, అరిసెలు, ఇవన్ని నెల రోజులు నిల్వ ఉండాలె, బిడ్డ అత్తగారింటికి డబ్బ కట్టి పంపుతం, ఆడ వాళ్ళు మూత తీసి చూస్తే సకినం మెత్తవడి ఉంటే ఇంక చెప్పేదేముంది, పరువు పోయినట్టే. అందుకే మనం తడి అంత పోయేదాంక కాలుస్తం. నూనెల బుడగలు ఆగినయా, రంగు మారిందా, చప్పుడు వస్తుందా, ఇట్ల చూసుకుంటం. పచ్చిగ ఉండొద్దు, ఇది మన అమ్మ చెప్పింది, అమ్మమ్మ చెప్పింది. సకినాలకు అది వంద శాతం కరెక్టు. గీ కుకీ బార్‌కు మాత్రం అదే చెయ్యి పగ వడ్తది. ఇందుల తడి ఉండాలె. రంగు రావొద్దు. ఎర్రగ అయ్యిందంటే మీరు చేసింది బిస్కెట్టు, మంచి బిస్కెట్టే కావొచ్చు, చాయల ముంచుకుని తినొచ్చు, గని బార్ మాత్రం కాదు. మెత్తదనం మనం వేసే సామానుల కన్న మనం ఎక్కడ ఆపుతమో దాంట్ల ఎక్కువున్నది. గిలకొట్టుడు ఎప్పుడు ఆపాలె, పిండి కలుపుడు ఎప్పుడు ఆపాలె, ఓవెన్ల నుంచి ఎప్పుడు తీయాలె. నేను ఎటు తిరిగి ఎటు పోయినా ఈడికే వస్త, విసుక్కోకుండ్రి.

కొలత చెప్త రాసుకోండ్రి. ఫోన్ల రికార్డు చేసుకునేటోళ్ళు చేసుకోండ్రి. 100 గ్రాముల బటర్ ప్యాకెట్ ఒకటి దొరుకుతది కద, దానికి సరిపోయేటట్టే లెక్క చెప్తున్న, తూకం పెట్టే పని ఒకటి తగ్గుతది. బటర్ 100 గ్రాములు, చక్కెర 130 గ్రాములు, గుడ్డు ఒకటి, బట్టల కట్టి నీళ్ళు వార్చిన గట్టి పెరుగు ఒక పెద్ద చెంచ, మైదా 165 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ ఒక పెద్ద చెంచ, కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లగ మెత్తగ ఉండేది, పసుపు పచ్చ మక్కపిండి కాదు, మల్ల తారుమారు చెయ్యకుండ్రి. బేకింగ్ పౌడర్ అర చిన్న చెంచ. వనీల ఎసెన్స్ ఒక చిన్న చెంచ. ఇది 7 ఇంచుల చదరం టిన్నుకు సరిగ్గ పడ్తది. 8 ఇంచులది ఉంటే పల్చగ వస్తది, అప్పుడు రెండు మూడు నిమిషాలు ముందే తీయాలె. అమెరికా కొలతల పుస్తకాలల్ల 9 బై 13 ఇంచుల ట్రే అని ఉంటది, అది మన ఇండ్లల్ల ఉండే చిన్న ఓవెన్ల పట్టనే పట్టదు, దాని జోలికి పోకుండ్రి.

గ్రాములు ఎందుకు, గిలాసతోని కొలుస్తె పోదా అంటరు. చక్కెరకు పోతది. మైదాకు పోదు. అదే కప్పును డబ్బల ముంచి కుక్కి నింపితే 150 గ్రాములు దాంక వస్తది, చెంచతోని తీసి వదులుగ పోస్తే 120 దగ్గర ఆగుతది. ఒక్క కప్పు కాడనే 30 గ్రాములు తేడ. 30 గ్రాములు ఎక్కువ పడ్డ పిండి ఓవెన్ల ఎంత జాగ్రత్తగ ఉన్నా పొడి పొడిగనే వస్తది, మీరేమో ఓవెన్‌ను తిట్టుకుంటరు. చిన్న డిజిటల్ తరాజు కొనుక్కోండ్రి, కిచెన్ల దానికన్న పనికొచ్చే ఖర్చు ఇంకోటి లేదు, నేనైతే మిక్సర్ కన్న ముందు అది కొనుమంట.

ఇగ బటర్. మన దగ్గర కిరాణంల దొరికేది ఉప్పు కలిపింది, పసుపు పచ్చగ ఉంటది. పిండిల అదే వేసుకోండ్రి, ఏం కాదు, ఉప్పు వేరే వెయ్యకుంటె సరిపాయె. గని క్రీము కాడ మాత్రం కథ వేరే, అది తర్వాత చెప్త. బటర్ ఎట్లుండాలె అంటే, వేలుతోని ఒత్తితే గుంట పడాలె గని వేలికి నూనె అంటొద్దు. పుస్తకాలల్ల రూమ్ టెంపరేచర్ బటర్ అని రాస్తరు, ఆ రూము వాళ్ళది, 20 డిగ్రీలది. మన పాలమూరుల ఏప్రిల్ మే నెలల రూమ్ టెంపరేచర్ అంటే బటర్ గిన్నెల పోసి పెట్టినట్టే, 32, 35 డిగ్రీలకు బటర్ కరిగిపోతది, మన ఇంట్ల ఫ్యాన్ కింద కూడ గంతకన్న ఎక్కువ ఉంటది. అందుకే ఎండకాలం ఫ్రిజ్‌ల నుంచి తీసి, ముక్కలు కోసి, పది నిమిషాలు పెట్టుండ్రి చాలు. చలికాలంల అరగంట గంట పెట్టుకోవచ్చు. నెయ్యి వేస్తమంటరు కొందరు, నెయ్యిల నీళ్ళు ఉండవు, బటర్ల వందకు ఒక పదహారు పాళ్ళు నీళ్ళుంటయి, ఆ నీళ్ళు ఈ మెత్తదనానికి కావాలె. నెయ్యి వేస్తే నోట్లె పొడి పొడిగ రాలే నాన్‌ఖటాయి వస్తది. అది కూడ నాకు ఇష్టమే, గని ఇయ్యాల్టి ముచ్చట అది కాదు.

చక్కెర మన దగ్గర దొడ్డుగ ఉంటది. దాన్ని అట్లనే వేస్తే సగం పలుకులు కరగకుంట మిగిలిపోతయి, కొరికితే పంటికింద తగులుతయి. మిక్సీల రెండు మూడు సార్లు తిప్పి ఆపుండ్రి, సన్న రవ్వ లెక్క ఉండాలె, పొడి కావొద్దు. ఎందుకంటే ఆ పలుకుల మూలలే బటర్ల గాలిని గుచ్చి పెడ్తయి, బేకింగ్ పౌడర్ కొత్తగ గాలి బుడగలు పుట్టియ్యదు, ఉన్న బుడగలనే పెద్దగ చేస్తది. మొత్తం పొడి చేస్తే గాలి పట్టదు.

బటర్, చక్కెర గిలకొట్టుడు. చేతి బీటర్ ఉంటే రెండు నిమిషాలు, చెక్క గరిటెతోని అయితే నాలుగైదు నిమిషాలు. రంగు కొంచెం తేలాలె. ఈడ ఆపుండ్రి. కేకు చేసి అలవాటున్నోళ్ళు తెల్లగ నురుగు అయ్యేదాంక కొడ్తనే ఉంటరు, అట్ల కొడితే ఓవెన్ల బాగ పొంగి, తీసినంక నడుమల కుంగి, కేకు కాదు కుకీ కాదు అన్నట్టు వస్తది. తర్వాత గుడ్డు, పెరుగు, వనీల వేసి అర నిమిషం కలుపుండ్రి. గుడ్డు ఫ్రిజ్‌ల నుంచి తీసింది అయితే బటర్ గడ్డ కట్టి విరిగినట్టు కనవడ్తది, భయపడకుండ్రి, పిండి పడినంక సర్దుకుంటది.

మైదా, కార్న్‌ఫ్లోర్, బేకింగ్ పౌడర్ మూడు కలిపి జల్లెడ పట్టుండ్రి. కార్న్‌ఫ్లోర్ ఎందుకంటే, మైదాల ఒక రకం ప్రోటీన్ ఉంటది, అది నీళ్ళు తగిలి కలుపుతుంటే సాగే గుణం వస్తది, దాన్నే గ్లూటెన్ అంటరు. చపాతికి, పరోటాకు అది కావాలె, అందుకే మెదిపి మెదిపి నానబెడ్తం. కుకీకి అది వద్దు. కార్న్‌ఫ్లోర్ల ఆ ప్రోటీన్ లేదు కాబట్టి మొత్తం మీద బలం తగ్గుతది. పిండి పోసినంక బీటర్ పక్కన పెట్టేసి గరిటె తీసుకోండ్రి, కింది నుంచి పైకి మడత పెట్టినట్టు కలుపుండ్రి, తెల్ల పిండి చారలు కనవడుడు ఆగినయంటే మీరు కూడ ఆగాలె. ఇంక రెండు సార్లు కలుపుదాం అని చెయ్యి గుంజుతది, గుంజనియ్యొద్దు.

ఒక మాట, పిల్లలు గిన్నె నాకుతరు, వేలుతోని పచ్చి పిండి తింటరు. తిననియ్యకుండ్రి. గుడ్డు పచ్చిదని అందరికి ఎరుకనే, గని పచ్చి మైదా కూడ మంచిది కాదు, అది కాల్చకుంట తినే వస్తువు కాదు, చేనుల నుంచి వచ్చిన సూక్ష్మజీవులు దాంట్ల ఉండొచ్చు.

వంట సోడా వెయ్యొచ్చా అని మొన్న ఒక చెల్లె ఫోన్ చేసి అడిగింది. వద్దు. సోడా పని చెయ్యాలంటే పులుపు కావాలె, ఈడ ఒక చెంచ పెరుగే ఉన్నది, మిగిలిన సోడా సబ్బు రుచి ఇస్తది. ఇంకో నష్టం ఏందంటే సోడా ఎక్కువైతే తొందరగ ఎర్రవడ్తది, మనకేమో రంగు రావొద్దు. బేకింగ్ పౌడర్ పాతదా కొత్తదా చూసుకోండ్రి, మన కిరాణ షాపులల్ల దాని గిరాకి తక్కువ, డబ్బ ఎప్పటి నుంచి ఉన్నదో తెల్వదు. ఒక చెంచ వేడి నీళ్ళల్ల వెయ్యుండ్రి, బుస్సుమని పొంగితే మంచిది, ఊకుంటే పారేయుండ్రి.

ఇగ టిన్నుల బటర్ పేపర్ పరువుండ్రి, రెండు దిక్కుల బయటికి వేలాడేటట్టు, తర్వాత ఆ చెవులు పట్టుకుని మొత్తం ఒకటేసారి పైకి లేపొచ్చు. పిండి జిగట జిగటగ ఉంటది, చేతికి అంటుకుంటది, అంటుకోవాల్సిందే, చపాతి పిండి లెక్క గట్టిగ ఉందంటే మైదా ఎక్కువైందని అర్థం. చెంచ వెనక భాగానికి కొంచెం నీళ్ళు తడి చేసుకుని మూలల దాంక సమంగ పరువుండ్రి. నడుమల మందంగ, అంచుల కాడ పల్చగ పరిస్తే అంచులు మాడ్తయి, నడుమ పచ్చిగుంటది.

ఇప్పుడు అసలు కాడికి వచ్చినం. ఓవెన్ 175 డిగ్రీలు, పై రాడ్డు కింది రాడ్డు రెండు ఆన్, ముందుగాల్ల ఒక పదిహేను నిమిషాలు ఖాళీగ వేడి చెయ్యాలె. నడిమి అరల టిన్ను. 18 నుంచి 20 నిమిషాలు. గడియారాన్ని మొత్తం నమ్మకుండ్రి, మన ఓటీజీలల్ల, అంటే ఇంట్ల పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్లల్ల, డయల్ మీద 175 ఉంటది లోపల 160 ఉండొచ్చు, 195 ఉండొచ్చు, ఓవెన్ థర్మామీటర్ అని చిన్నది దొరుకుతది, లోపల వేలాడదీస్తే సంగతి తెలుస్తది. 16 నిమిషాల కాడి నుంచి అద్దంల నుంచి చూడుడు షురూ చెయ్యుండ్రి. ఏం చూడాలె అంటే, మొదట పైన అంత నిగనిగ మెరుస్తది, తడి మెరుపు. కొన్ని నిమిషాలకు అంచుల నుంచి ఆ మెరుపు పోతది, నడుమల ఒక అరచెయ్యంత జాగల మెరుపు మిగులుతది. అది కూడ పోయి పైన మొత్తం మెరుపు లేకుంట అయినప్పుడు, అంచు ఒక్క దారం మందం లేత బంగారు రంగు పట్టినప్పుడు, నడుమ ఇంక తెల్లగనే ఉన్నప్పుడు, ఆ టైముకు తీయాలె. పుల్ల గుచ్చితే తడి పిండి అంటుకోవద్దు, గని రెండు మూడు మెత్తటి పొడి పలుకులు అంటుకోవాలె. పుల్ల శుభ్రంగ వచ్చిందంటే మీరు ఆలస్యం చేసిండ్రు.

పచ్చిగ ఉన్నట్టు కనవడ్తది కద, ఎట్ల తీస్తం అని మనసు ఒప్పుకోదు, నాకు తెలుసు. టిన్ను బయటికి తీసినా అది వేడిగనే ఉంటది, లోపల ఉన్న వేడి నడుమకు పోతనే ఉంటది, ఇంక పది నిమిషాలు లోలోపల ఉడుకుతనే ఉంటది. అందుకే టిన్నులనే వదిలేసి చల్లారనియ్యాలె. మీరు ఓవెన్ల పూర్తిగ కాలినట్టు చూసి తీసిండ్రంటే, బయట ఆ పది నిమిషాలు అదనం. చక్కెర కూడ ఒక పని చేస్తది, నీళ్ళను పట్టుకుని ఉంచుతది, చల్లారినంక అది మల్ల గట్టివడ్తది, వేడి మీద ముట్టుకుంటే విరిగిపోయేటట్టున్న ముక్క చల్లారినంక చేతుల నిలవడ్తది. జర ఓపిక పట్టుండ్రి గంతే.

(నడిమి వరుస నుంచి ఒక అక్క: మా ఇంట్ల ఓవెన్ లేదు, మామూలు మైక్రోవేవ్ ఉన్నది.)

కన్వెక్షన్ అని, అంటే వేడి గాలితోని కాల్చేదని, రాసి ఉంటే అయితది అక్కా. ఉత్త వేడి చేసుకునే మైక్రోవేవ్ అయితే కాదు, రబ్బరు తయారైతది. ఏదీ లేకుంటే మందపాటి పాత అల్యూమినియం గిన్నె, దాని మీద బరువైన మూత, లోపల అడుగున వేలు మందం దొడ్డు ఉప్పు పోసి, దాని మీద స్టాండు పెట్టుండ్రి. కుక్కర్ వాడకుండ్రి, నీళ్ళు లేకుంట వేడి చేస్తే కుక్కర్ పాడైతది, కంపెనీలోళ్ళు కూడ వద్దనే చెప్తరు. పది నిమిషాలు మీడియం మంట మీద గిన్నె వేడెక్కినంక టిన్ను పెట్టి మంట సన్నం చెయ్యుండ్రి. ఇందుల వేడి అంత కింది నుంచే వస్తది, పైన తెల్లగ ఉంటది, కింద మాడ్తది, మూత తీసి చూస్తే ఇంక కాలలేదనిపిస్తది. కాబట్టి టిన్ను కింద ఇంకో స్టీలు ప్లేటు బోర్లించి పెట్టుండ్రి, 25 నుంచి 30 నిమిషాలు వడ్తది, పుల్లతోనే చూసుకోవాలె, రంగు చూసి కాదు. ఇంకోటి, ఓటీజీ కొనేటోళ్ళు వినుండ్రి, అది ఇంట్ల ఇన్వర్టర్ మీద నడవదు, కరెంటు పోయే టైము చూసుకుని పెట్టుకోండ్రి, నడుమల పోతే ఇంక దాని గతి అంతే.

క్రీము ముచ్చట. బటర్ 75 గ్రాములు, ఐసింగ్ షుగర్ 180 గ్రాములు, పాలు ఒక పెద్ద చెంచ, వనీల అర చెంచ. బటర్‌ను ముందు ఒక్కదాన్నే మెత్తగ కొట్టి, చక్కెర మూడు సార్లుగ వేసుకుంట కొట్టాలె, ఈడ మాత్రం ఎంత కొడితే అంత మంచిది, నాలుగైదు నిమిషాలు, తేలికగ అయితది. ఐసింగ్ షుగర్ దొరకకుంటే ఇంట్ల చక్కెర మెత్తగ పొడి చేసి కప్పుకు ఒక చెంచ కార్న్‌ఫ్లోర్ కలిపి సన్న జల్లెడల పట్టుండ్రి, లేకపోతే గరగర అంటది.

రంగు. పసుపు పచ్చ బటర్‌తోని చేసిన క్రీముల గులాబి రంగు వేస్తే గులాబి రాదు, నారింజ మాతిరి వస్తది. నీలం వేస్తే ఆకుపచ్చ అయితది. అందుకే క్రీముకు తెల్ల బటర్, ఉప్పు లేనిది తెచ్చుకోండ్రి. అది కూడ దొరకకుంటే మీ ఇంట్లనే ఉన్నది మందు. బర్రె పాల వెన్న. బర్రె పాలల్ల పసుపు రంగు పదార్థం ఉండదు, బర్రె దాన్ని ఒంట్లనే విటమిన్ ఎ కింద మార్చుకుంటది, ఆవు పూర్తిగ మార్చుకోదు, అందుకే ఆవు వెన్న పచ్చగ, బర్రె వెన్న తెల్లగ ఉంటది. మన దగ్గర ఎవరింట్ల చూసినా బర్రె పాలే. చల్ల చిలికి తీసిన వెన్నను చల్లటి నీళ్ళల్ల నాలుగైదు సార్లు కడిగి, నీళ్ళు తేటగ వచ్చేదాంక కడగాలె, లేకుంటే పులుపు వాసన పోదు, తర్వాత బట్టల వేసి పిండి నీళ్ళు తీసెయ్యుండ్రి. ఆ వెన్నతోని చేసిన క్రీము పాల తెలుపు ఉంటది, దాంట్ల రెండు చుక్కల బీట్‌రూట్ రసం వేస్తే వచ్చే గులాబి రంగు ఏ సీసాల రంగుకు రాదు, నా మాట నమ్ముండ్రి. రసం నీళ్ళ నీళ్ళగ కాకుంట కొంచెం మరిగించి చిక్కగ చేసుకోండ్రి. పైన చల్లనీకి స్ప్రింకిల్స్ కొనుక్కునే అవసరం లేదు, పాన్ డబ్బల కాడ దొరికే రంగు సోంపు చల్లుండ్రి, పిల్లలకు తేడ తెల్వదు, పెద్దోళ్ళకు ఇంక మంచిగనిపిస్తది. అమెరికా రెసిపీలల్ల బాదం ఎసెన్స్ వేస్తరు, నేను దాని బదులు ఇలాచి పొడి వేస్త, రెండు వేళ్ళతోని పట్టినంత, ఎక్కువ వేస్తే పాయసం అయితది.

ఎండకాలం క్రీము గురించి సీదా చెప్త. ఏప్రిల్ నుంచి జూన్ దాంక ఈ బటర్ క్రీము చెయ్యకుండ్రి. నలభై దాటిన ఎండల అది నిలవడదు, పూసినంక పక్కల వెంబడి కారుతది, ఎంత ఐసింగ్ షుగర్ పోసినా లాభం లేదు, ఊకె తియ్యగ అయితది. బేకరీలోళ్ళు ఎట్ల చేస్తున్నరంటే వనస్పతి కలుపుతరు, పాలు లేని విప్ క్రీము వాడ్తరు. వనస్పతి ఎండకు నిలుస్తది నిజమే, గని తిన్నంక నాలుక మీద, అంగిట్ల ఒక పొర అంటుకుని ఉంటది చూసిండ్రా, ఒంటి వేడికి అది మొత్తం కరగదు కాబట్టే అట్ల. దాంట్ల ట్రాన్స్ ఫ్యాట్, అంటే గుండెకు చెరుపు చేసే కొవ్వు, దాని ముచ్చట వేరే ఉన్నది, 2022 జనవరి నుంచి నూనెలల్ల వనస్పతిల అది నూటికి రెండు పాళ్ళు దాటొద్దని ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే తిండి వస్తువుల మంచి చెడు చూసే కేంద్ర సంస్థ, రూల్ పెట్టింది, ముందటికన్న నయం. అయినా నేను వెయ్య. ఎండకాలం మీరు గ్లేజ్ పోయుండ్రి, ఐసింగ్ షుగర్ 100 గ్రాములకు నిమ్మరసం మూడు చిన్న చెంచలు, కలిపి పల్చగ పోస్తే ఎండి పైన తెల్ల పొర కడ్తది, బటరే లేదు కాబట్టి కరిగేది లేదు. దసర నుంచి శివరాత్రి దాంక బటర్ క్రీము కాలం, అప్పుడు చెయ్యుండ్రి మస్తుగ.

పూసేటప్పుడు కింది భాగం పూర్తిగ చల్లారాలె, టిన్ను అడుగు చెంపకు ఆనిచ్చి చూడుండ్రి, వెచ్చగ తగిలితే ఇంక ఆగాలె. పూసినంక అరగంట ఫ్రిజ్‌ల పెట్టి, చాకు వేడి నీళ్ళల్ల ముంచి తుడిచి, ఒక్కొక్క కోతకు మల్ల తుడుచుకుంట కొయ్యుండ్రి. నాలుగు అడ్డం నాలుగు నిలువు, పదహారు ముక్కలు. మూత గట్టిగ ఉండే డబ్బల చలికాలం రెండు రోజులు బయట ఉంటయి, ఫ్రిజ్‌ల ఐదు రోజులు. ఫ్రిజ్‌ల నుంచి తీసి వెంటనే పెట్టకుండ్రి, బటర్ గట్టివడి రాయి లెక్క తగులుతది, వచ్చినోళ్ళు ఇదేం మెత్తగ అంటరు, ఇరవై నిమిషాలు బయట పెట్టి ఇయ్యుండ్రి.

(ఒక పెద్దమ్మ: గుడ్డు లేకుంట అయితదా బిడ్డా? మేము శనివారం ముట్టం.)

అయితది పెద్దమ్మా. గుడ్డు బదులు ఇంకో మూడు పెద్ద చెంచల పెరుగు వెయ్యుండ్రి, అది మామూలు పెరుగే, వార్చొద్దు. కొంచెం పొడి పొడిగ విరుగుతది, గుడ్డుతోని వచ్చే సాగుడు రాదు, గని మెత్తగనే ఉంటది. ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ వడ్తది.

(ఒక చెల్లె: బెల్లంతోని, జొన్న పిండితోని చేస్తే ఆరోగ్యం కద అక్కా?)

బెల్లం వేస్తే పిండే గోధుమ రంగుల ఉంటది, ఎప్పుడు తీయాలెనో రంగు చూసి తెల్వదు, రుచి కూడ వేరే మిఠాయి అయితది. చెయ్యొద్దనను, దానికి వేరే పేరు పెట్టుకోండ్రి. జొన్న పిండిల గ్లూటెన్ లేదు, మొత్తం అదే వేస్తే ముక్క పట్టుకుంటే రాలిపోతది, గరగర అంటది, మైదాల నాలుగో వంతు దాంక కలుపుకోవచ్చు. నా మట్టుకు నేనైతే జొన్న పిండిని జొన్న రొట్టెకే ఉంచుత, దానికి అదే గౌరవం. ఇది ఆరోగ్యం కొరకు తినేది కాదు చెల్లె, చక్కెర, బటర్ లెక్క ఇప్పుడే మీ ముందర చెప్పిన, పండుగ నాడు ఒక ముక్క తినేది.

అమ్ముకునేటోళ్ళు ఎవరన్న ఉన్నరా? ఆ, చాన మంది చేతులు లేపిండ్రు. ఇంట్ల చేసి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కావాలె, ఆన్‌లైన్ల చేసుకోవచ్చు, సంఘం అక్కలు సాయం చేస్తరు. డబ్బ మీద గుర్తు సంగతి పైలం, గుడ్డు వేసిన దాని మీద ఆకుపచ్చ చుక్క పెట్టరాదు, గోధుమ రంగు త్రికోణం పెట్టాలె. రేటు కట్టేటప్పుడు బటర్, చక్కెర లెక్క వేసి ఊకుంటరు మనోళ్ళు, కరెంటు, డబ్బ, పేపరు, విరిగిపోయిన మూల ముక్కలు, అన్నిటికి మించి మీ పొద్దు, అవి ఎవరు కట్టిస్తరు? మీ చేతికి కూలి రాసుకోండ్రి ముందుగాల్ల, తర్వాత లాభం ముచ్చట. బేకరీల రేటు చూసి తగ్గించకుండ్రి, వాళ్ళది వనస్పతి, మీది బటర్.

(వెనక నుంచి: హైదరాబాద్‌ల మా బిడ్డకు ఆర్టీసీ కార్గోల పంపొచ్చా?)

పంపొచ్చు, గని పూసి పంపకుండ్రి. ముక్కలు కొయ్యకుంట మొత్తం పలక లెక్కనే బటర్ పేపర్ల చుట్టి, డబ్బల కదలకుంట పెట్టుండ్రి. క్రీము వేరే, మూత గట్టిగుండే చిన్న డబ్బల వేసి రాత్రంత డీప్ ఫ్రిజ్‌ల గడ్డ కట్టిచ్చి, పాత న్యూస్ పేపర్ల నాలుగు పొరలు చుట్టి పొద్దుగాల మొదటి బస్సుకు వేస్తే దిగేసరికి పూసుకునేటట్టు మెత్తవడ్తది. బిడ్డకు ఫోన్ చేసి చెప్పుండ్రి, చెంచతోని ఒకసారి మల్ల గిలకొట్టి పూసుకోవాలె అని, లేకుంటే డబ్బ మూత తీసి క్రీము క్రీమే తినేస్తరు పిల్లలు. ఇగ రాండ్రి, ఆ టేబుల్ కాడ ట్రేలు పెట్టిన, ఎడమ దిక్కుది 19 నిమిషాలకు తీసింది, కుడి దిక్కుది కావాలని 27 నిమిషాలు ఉంచింది. రెండు తిని చూసి మీరే చెప్పుండ్రి. తొయ్యకుండ్రి, అందరికి ఉన్నయి.